అండాలో చప్పుడు

గీజర్ స్విచ్ వేస్తే గోడ అవతల ఎవరో పళ్ళు నూరుతున్నట్టు చప్పుడొస్తుంది. లోపల ఉప్పు పేరుకుపోయిందని, మదనపల్లెలో బోరు నీళ్ళు వాడే ఏ ఇంట్లో చూసినా ఇదే కథని, భయపడాల్సిందేమీ లేదని మెకానిక్ చెప్పి వెళ్ళాడు. కాలేజీ చదువు చదివినదాన్ని, ఆ మాత్రం నాకూ తెలుసు. అయినా ఆ చప్పుడు మొదలవగానే నా చేయి దానంతటదే పాప దగ్గరికి పోతుంది. చేతి మురుగులు, కాలి పట్టీలు, మొలతాడు. అన్నీ ఉన్నాయా అని తడిమి చూసుకుంటుంది.

ఈ సాయంత్రం తడిమితే ఎడమకాలి పట్టీ లేదు.

మంచం కింద చూశాను. బొంతలు విదిలించాను. వాషింగ్ మెషీన్ డ్రమ్ములో చేయి పెట్టి చుట్టూ తిప్పాను. మా అత్తగారు హాల్లో కూర్చుని టీవీ సౌండు తగ్గించి, నా వైపు చూడకుండానే ఒక్క మాట అన్నారు.

"పొద్దున నీళ్ళు పోసిందెవరు?"

పాప నిద్రపోయింది. ఇల్లు సద్దుమణిగింది. వంటింటి గట్టు దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. నేను పుట్టకముందే మా ఇంట్లో ఒకసారి అడిగిన ప్రశ్న అది. దాని జవాబు బయటపడేసరికి నాకు నాలుగో తరగతి వేసవి సెలవులు.

అప్పుడు మేం పుంగనూరులో ఉండేవాళ్ళం. ఊరి చివర పెంకుటిల్లు, వెనక పెరడు. నాయన మదనపల్లె టమాటా మండీలో పనిచేసేవాడు. మొదటి బస్సుకు పోయి, మధ్యాహ్నానికి చొక్కా నిండా మాగిన టమాటాల వాసనతో తిరిగొచ్చేవాడు. ఇంట్లో పెత్తనం నాయనమ్మది. మేం జేజి అనేవాళ్ళం.

పెరట్లో బావి ఎండిపోయాక బోరు వేయించారట. ఆ నీళ్ళు చూడ్డానికి అద్దంలా ఉండేవి. నోట్లో పోసుకుంటే తెలిసేది సంగతి, సుద్దముక్క చప్పరించినట్టు ఉండేది. సబ్బు నురగ వచ్చేది కాదు, విరిగిన పాలలా ముద్దలు కట్టి ఒంటికి అంటుకునేది. తలంటుకున్న రోజు దువ్వెన జుట్టు మధ్యలోనే ఆగిపోయేది. నాయన తెల్ల చొక్కాలు కొన్నాళ్ళకే మబ్బు రంగుకు తిరిగేవి. కందిపప్పు పొద్దున పొయ్యి మీద పెడితే సంగటి కెలికే వేళకి కూడా గింజ గింజగానే ఉండేది. "ఈ నీళ్ళల్లో రాళ్ళన్నా ఉడుకుతాయేమో గానీ పప్పు ఉడకదు" అని గొణుగుతూ జేజి అందులో ఒక చుక్క ఆముదం వేసేది. కొళాయిలో మంచినీళ్ళు వచ్చేది ఎప్పుడో ఒకరోజు. అవి ఉన్నన్నాళ్ళు తాగడానికి, పప్పుకు. అయిపోతే మళ్ళీ బోరు నీళ్ళే.

నాకు మాత్రం వేరే నీళ్ళుండేవి. అమ్మ పుట్టిల్లు కుప్పం దగ్గర, రామకుప్పం వైపు పల్లె. అక్కడి బావి నీళ్ళు తియ్యగా ఉంటాయి. మా మామ వచ్చినప్పుడల్లా నూనె క్యాను నిండా ఆ నీళ్ళు బస్సులో వేసుకుని తెచ్చేవాడు. "ఏమప్పా, సారాయా?" అని కండక్టరు అడిగితే, మూత తీసి ముక్కు దగ్గర పెట్టి, "నీళ్ళప్పా. మా యక్క కూతురికి. మారాణి ఈ ఊరి నీళ్ళు తాగదు" అనేవాడట.

ఆ క్యాను చూస్తే జేజికి ఒళ్ళు మండేది. "నీ కూతురేమన్నా పట్టుపురుగా, తడి తుడిచి ఆకు ఏసేదానికి? మేమంతా ఈ నీళ్ళే తాగి ఇంత కాలం బతికి ఉండాము గదా!"

అమ్మ క్యాను ఎత్తుకుని లోపలికి పోయేది. నాకు బోరు నీళ్ళతో స్నానం చేయించేటప్పుడు మాత్రం, తల మీద చెంబు వంచే ముందు అరచేత్తో నా నోరూ ముక్కూ కలిపి గట్టిగా మూసేసేది. ఊపిరాడక కాళ్ళు కొట్టుకునేదాన్ని. ఒక్క చుక్క లోపలికి పోయినా ఏదో అయిపోతుందన్నట్టు. ఆ అరచేతి బిగువు ఇప్పటికీ నా మూతి మీద ఉంది.

స్నానాల కొట్టాన్ని మేం బచ్చలి అనేవాళ్ళం. అందులో మట్టి గట్టు, గట్టులోకి దిగేసిన పెద్ద రాగి అండా, కింద పొయ్యి. పట్టుపురుగులకు ఆకు కోసుకోగా మిగిలిన మల్బరీ పుల్లలు మోపులు మోపులుగా తెచ్చి అందులో ఎగదోసేవాళ్ళు. ఆ పుల్లల పొగ కొంచెం తీపిగా ఉంటుంది. ఆ వాసన, తడి మట్టి వాసన, జేజి కాచే ఆముదం వాసన కలిస్తే నాకు మా ఇల్లు.

అండా అడుగున గులకరాళ్ళుండేవి. కాచేకొద్దీ నీళ్ళలో ఉప్పు దిగి గుల్లలా కడుతుంది కదా, అది అండాకు పట్టకుండా రాళ్ళకు పట్టాలని జేజి వాళ్ళ అత్త కాలం నుంచీ వేసేవాళ్ళట. ఏళ్ళ తరబడి ఉప్పు పట్టి ఆ రాళ్ళు తెల్లగా, లావుగా ఉబ్బిపోయి ఉండేవి. నీళ్ళు కాగడం మొదలవగానే అవి అడుగున దొర్లేవి. ముందు మెల్లగా, తర్వాత గలగలమని. నీళ్ళు కాగాయా అని మా ఇంట్లో ఎవరూ వేలు పెట్టి చూసేవాళ్ళు కాదు. చప్పుడు వినేవాళ్ళు.

ఆ చప్పుళ్ళలో ఒకటి వేరుగా ఉండేది. మిగతా రాళ్ళు మొద్దుగా దొర్లుతుంటే, ఒకటి మాత్రం బిళ్ళ పడ్డట్టు టప్పుమని పడేది. నేను గట్టు మీద చెవి పెట్టి వినేదాన్ని. ఒకరోజు అమ్మతో అన్నాను.

"అమ్మా, అండాలో పాప ఆడుకుంటాంది."

అమ్మ చేతిలో చెంబు జారి బండ మీద పడింది. జేజి వచ్చి నా వీపు మీద ఒకటి వేసి, "పాడునోరు, పాడునోరు! సందేళ ఆ మాటలేందే?" అంది. అంత పెద్ద మాట నేనేమన్నానో నాకు అర్థం కాలేదు.

ఆ వేసవిలో తమ్ముడు పుట్టాడు. కుప్పంలో కాన్పయి, అమ్మ చంటివాడితో పుంగనూరు వచ్చిన నాటి నుంచి ఇంట్లో రోజూ ఒకటే గొడవ, వాడికి నీళ్ళెవరు పోయాలని. మా వీధిలో ఏ బిడ్డ పుట్టినా నీళ్ళు పోసే ఆడమనిషి వస్తుంది. పీట మీద కూర్చుని కాళ్ళు చాచి, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టి, నూనె మర్దన చేసి, నలుగు పెట్టి పోస్తుంది. మా ఇంటికి ఎవరూ రాలేదు. జేజి రానివ్వలేదు. తనే పోద్దామంటే మణికట్లు నొప్పి. అమ్మేమో వాడి మీద బోరు నీళ్ళు పడనివ్వదు, తడిగుడ్డతో తుడిచి పెడుతుంది. వాడి మెడ ముడతల్లో, చంకల్లో పాచి పట్టి ఒరిసిపోయి, రాత్రీ పగలూ ఏడ్చేవాడు.

"ఎవురినైనా పిలిపిద్దామత్తా" అని అమ్మ అడిగితే, జేజి పక్కింటామెకు వినపడేలా అనేది: "మల్లానా? ఒకత్తి వచ్చి సేసిపోయింది సాలు."

పక్కింటామె ద్వారానే నాకు కథంతా తెలిసింది. చిక్కుడుకాయలు ఒలుస్తూ, నేను పక్కన ఉన్నానన్న సంగతి మరిచిపోయి ఎవరికో చెప్తోంది. నాకంటే ముందు అమ్మకు ఒక ఆడపిల్ల. ఆ పిల్లకు నీళ్ళు పోయడానికి ఒక అవ్వ వచ్చేది. ఒకరోజు స్నానం అయ్యాక చూస్తే పిల్ల చేతికి వెండి మురుగు ఒకటి లేదు. ఇల్లంతా వెతికారు, నీళ్ళు పోయే జాలాట్లో చేయి పెట్టి దేవారు, బూడిద జల్లించారు. చివరికి జేజి వీధిలో అందరి ముందూ ఆ అవ్వ కొంగు విప్పించి చూసింది. అందులోనూ లేదు. అయినా మళ్ళీ రావద్దంది. ఆ వానాకాలంలోనే పిల్ల విరేచనాలు పట్టుకుని చనిపోయింది. నీళ్ళు పోసేదాని ఉసురు తగిలిందని కొందరన్నారు. దాని చేతిలోనే ఏదో ఉందని జేజి అంది. అమ్మ మాత్రం నీళ్ళన్నది. స్నానంలో నోట్లోకి పోయిన నీళ్ళన్నది.

ఆ రోజు అమ్మ అరచేయి నా మూతి మీద పడినప్పుడు నేను కాళ్ళు కొట్టుకోలేదు.

సెలవుల నడుమ అండా కారడం మొదలుపెట్టింది. పొయ్యిలో బొట్టు బొట్టుగా పడి నిప్పు చుంయ్ మనేది. రాగి సామాన్లకు మాట్లు వేసే ఆయనను నాయన పిలుచుకొచ్చాడు. గట్టు పగలగొట్టి అండా బయటికి తీసి బోర్లిస్తే, ఉప్పు పెచ్చులు పెద్ద పెద్ద గుడ్డు పెంకుల్లా రాలాయి. "అమ్మో, అండా లోపల ఇంకో అండానే ఉండాది గదా!" అని ఆయన నవ్వాడు. రాళ్ళన్నీ పెరట్లో కుప్పగా పోశారు.

వాటిలో ఒకటి అచ్చం అలసంద వడలా ఉంది. గుండ్రంగా, చదునుగా, నడుమ వేలితో నొక్కినట్టు చిన్న గుంట. టప్పుమని పడేది ఇదేనని నాకు చూడగానే తెలిసింది. ఎత్తుకెళ్ళి దాచుకున్నాను.

ఇత్తడి సామాను తోమడానికి జేజి ఒక పాత మట్టి మూకుడులో చింతపండు పిప్పి, పిండేసిన నిమ్మతొక్కలు వేసి ఉంచేది. నా వడరాయి కూడా తళతళలాడాలని అందులో వేశాను. వేయగానే బుస్సుమంది. సన్నటి బుడగలు దాని చుట్టూ పేరుకుని పైకి లేచాయి. ఊపిరి ఉన్నదేదో లోపల మేలుకున్నట్టు. భయమేసింది, కానీ తీయలేదు. రోజూ పొద్దున్నే లేచి, ఎవరూ చూడకుండా కాస్త పుల్లమజ్జిగ పోసేదాన్ని, ఊరగాయ జాడీలోంచి ఊట వంపేదాన్ని. రాయి రోజురోజుకూ చిక్కిపోయింది. నడుమ గుంట లోతయి, లోతయి, ఒకరోజు వేలు అవతలికి వెళ్ళిపోయింది. అంచున నల్లటి గీత ఒకటి కనపడింది. గోటితో గీకితే మెరిసింది.

అమ్మ తమ్ముడికి పాలిస్తోంది. నేను తడిచేతిలో పెట్టుకుని చూపించాను.

అమ్మ వాణ్ణి పడుకోబెట్టి, ట్రంకుపెట్టె తెరిచి, అడుగున పసుపుగుడ్డలో చుట్టిన చిన్న వెండి మురుగు తీసింది. రెండూ పక్కపక్కన నేల మీద పెట్టింది. ఒకటి తెల్లగా, ఒకటి సగం రాయిగా. ఒకే కొలత, రెండు కొసల్లోనూ అదే మొగ్గ.

జేజి దాన్ని ముట్టుకోలేదు. గడప దగ్గర నిలబడే చూసి, "అది మనది కాదులే" అంది. "ఇట్లాంటివి ఊర్లో ఎందరికి లేవు?"

"ఊరోళ్ళ మురుగులు మన అండాలో యాల ఉంటాయత్తా?"

అమ్మ జేజికి ఎదురు చెప్పగా నేను వినడం అదే మొదటిసారి. గొంతు పెంచలేదు. జేజి గోడ పట్టుకుని కూర్చుంది. మా ఇద్దరితో కాకుండా ఇంకెవరితోనో చెప్తున్నట్టు అంది.

"నూనె రాసేటప్పుడు జారతా ఉంటే నేనే తీసి అండా మూత మింద పెట్టింటి. నీళ్ళు ముంచేదానికి ఆమె మూత ఎత్తింటాది." మళ్ళీ తనే, "అన్ని యాడలా ఎతికితిమి. అండాలో గలగలమంటానే ఉండె. రాళ్ళే గదా అనుకుంటిమి."

ఆ పూట జేజి సంగటి ముట్టలేదు. నేను ఊరుబిండి పచ్చడి వడ్డించుకుంటుంటే నా వైపు కూడా చూడలేదు.

మర్నాడు అమ్మ తమ్ముణ్ణి భుజాన వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆ అవ్వ ఇంటికి బయలుదేరింది. ఆమె ఉండేది సంత దగ్గర సందులో. వాకిట్లో చింతపండు గుట్ట ముందు కూర్చుని గింజలు తీస్తోంది. చేతులు మోచేతుల దాకా గోధుమరంగు. కళ్ళు సరిగా ఆనేవి కావు.

"ఎవురమ్మా అది?"

"నేనవ్వా. పాపకు నీళ్ళు పోసేదానికి వస్తాంటివే, ఆ ఇంటి కోడల్ని."

అవ్వ చేతులు ఆగిపోయాయి. అమ్మ వంగి, మురుగు ఆమె అరచేతిలో పెట్టింది. అవ్వ వేళ్ళతో దాని చుట్టూ తడిమింది. నున్నటి చోట ఆగింది, గరుకు చోట ఆగింది.

"యాడుండె?"

"అండాలో, రాళ్ళల్లో. ఇన్నేండ్లూ ఆడనే ఉండె."

అవ్వ తిడుతుందేమో, ఏడుస్తుందేమో అని నేను అమ్మ కొంగు చాటు నుంచి చూస్తున్నాను. ఆమె ముఖం మాత్రం లెక్క కుదరని పిల్ల ముఖంలా అయింది.

"అయితే నేను తీయలేదా?" అంది.

"అదేందవ్వా అట్లంటావు? తీయలేదని నీకు తెలీదా?"

"మొదట్లో తెల్సునమ్మా. కొంగు ఇదిలించి సూపిస్తి, బిడ్డల మింద ఒట్టేస్తి. అందురూ అంటానే ఉంటే, అంటానే ఉంటే... పండుకొని ఎంచుకుంటా ఉంటి. సేతినిండా నూనె గదా, యాడన్నా తగులుకొని వచ్చిందేమో. దావలో పడేసుకుంటినేమో. కొన్ని దినాలకు తీసినట్టే, యాడనో పెట్టినట్టే గ్యాపకం వస్తా ఉండె. నా ఇల్లు నేనే ఎతుకుతా ఉంటినమ్మా. ఇదిగో, ఆ పొయ్యి గూడా తవ్వి సూస్తి."

అమ్మ ఆమె కాళ్ళ మీదకు వంగబోయింది. అవ్వ గబుక్కున కాళ్ళు ముడుచుకుంది. "వద్దు వద్దు, అంతా పులుపు. సంటిబిడ్డను ఎత్తుకొని ఉండావు."

"వీనికి నువ్వే వచ్చి నీళ్ళు పొయ్యవ్వా. మా యత్త ఏమీ అనదు."

"అనదు. కానీ నేను పోసినంతసేపూ బిడ్డ ఒంటి మింద ఏమేముండాయని ఎంచుకుంటా కూర్చుంటాది. మీ యత్త ఎంచకపోయినా నేను ఎంచుకుంటా. ఈ సేతులు నాకే నమ్మకం లేదమ్మా. ఆ పొద్దు నుంచీ ఏ బిడ్డనూ ముట్టలేదు." తర్వాత తమ్ముడి ఏడుపు విని తల అటు తిప్పింది. "ఒరిసిపోయిందా? మీ బోరు నీళ్ళు ఉప్పు. ఆ నీళ్ళతోనే పొయ్యి, ఏం గాదు. ఆఖరి సెంబు మాత్రం మంచినీళ్ళు కాచి పొయ్యి. ఉప్పు ఒంటి మింద ఆరిపోకుండా. ఆ పాపకు పోసేటప్పుడే సెప్తామనుకుంటి. మర్నాడు సెప్తామనుకుంటి."

మర్నాడు ఆమెను రానివ్వలేదు.

అమ్మ ఇంటికొచ్చి, తనే పీట మీద కూర్చుని కాళ్ళు చాచి, తమ్ముణ్ణి పడుకోబెట్టుకుంది. బోరు నీళ్ళు పోసింది. ఆఖరి చెంబు మామ తెచ్చిన క్యాన్లోది. వాడు కాసేపు గుక్కపట్టి ఏడ్చి, తర్వాత ఊరుకున్నాడు. ఆ రోజు నుంచి నా మూతి మీద కూడా అరచేయి పడలేదు. ఆఖరి చెంబు పడేది, గోరువెచ్చగా, ఒంటిని మెత్తగా చేస్తూ. కుప్పం నీళ్ళు మా ఇంట్లో మళ్ళీ తాగడానికి మిగల్లేదు.

మాటు వేసిన అండా తిరిగి గట్టులోకి ఎక్కింది. జేజి రాళ్ళు వేయనివ్వలేదు. అయినా సాయంత్రం పొయ్యి అంటించగానే వచ్చి మూత తీసి, కట్టెతో అడుగంతా కెలికి చూసేది. ఏమీ తగలదు. ఆవిరిలో ముఖం పెట్టి, చెవి ఒగ్గి, కాసేపు అలాగే నిలబడేది. నీళ్ళు కాగాయో లేదో మాకిక తెలిసేది కాదు. చప్పుడు లేదు. జేజి పోయిన తర్వాత కూడా ఆ బచ్చలి గడప దాటేటప్పుడు నేను చెవి ఒగ్గేదాన్ని.

అవ్వ మళ్ళీ మా గడప తొక్కలేదు. ఆ చింతపండు రోజుల తర్వాత ఏడాదో రెండేళ్ళో బతికిందని విన్నాను. నా పాప పుట్టినప్పుడు అమ్మ రెండు మురుగులూ పసుపుగుడ్డలో చుట్టి నాకు పంపింది. ఒకటి ఇంకా సగం రాయిగానే ఉంది. దాన్ని పూర్తిగా కరిగించడానికి అమ్మకు చేయి రాలేదట. నాకూ రాలేదు. అల్మారాలో ఉంది. పాపకు వేరేవి కొన్నాం.

ఇప్పుడు నా పాపకు నీళ్ళు పోసే ఆవిడ పొద్దున టిఫిన్ల వేళకు వస్తుంది. గంగవరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. పాపతో తనకు తోచిన కబుర్లన్నీ చెప్తుంది. ఆఖరి చెంబు నేనిచ్చిన క్యాను నీళ్ళతో పోస్తుంది, ఎందుకని అడగదు.

"పొద్దున నీళ్ళు పోసిందెవరు?" అని అత్తగారు అడిగినప్పుడు, ఆవిడ పేరు నా నాలుక చివర ఉంది. నిజం చెప్పడమే కదా. పేరు చెప్తే చాలు, మిగతాదంతా ఎవరూ చెప్పకుండానే జరిగిపోతుంది. రేపు ఆవిడ లోపలికి రాగానే అత్తగారి చూపు ఆవిడ కొంగు మీదకు పోతుంది. ఆవిడ ఆ చూపును గమనిస్తుంది. ఇంటికెళ్ళి తన సంచి తనే దులుపుకుంటుంది.

"నేనే తీశానత్తయ్యా" అన్నాను. "మధ్యాహ్నం గీసుకుంటోందని నేనే తీసి ఎక్కడో పెట్టాను. గుర్తు రావడం లేదు."

అత్తగారు నన్ను ఒక క్షణం చూసి, "నీ మతిమరుపుతో చచ్చిపోతున్నాం" అని టీవీ సౌండు పెంచారు. గండం గడిచిందనుకున్నాను.

కానీ ఇప్పుడు, ఇది రాస్తూ కూర్చున్నాక, ఇంకోటి మొదలైంది. మధ్యాహ్నం పాప కాలు నా ఒళ్ళో ఉన్నట్టు, నేను కొక్కెం విప్పినట్టు, చల్లటి పట్టీ నా అరచేతిలో పడినట్టు కనపడుతోంది. ఏ చేత్తో తీశానో కూడా గుర్తొస్తోంది. కుడిచేత్తో. ఎక్కడ పెట్టానన్నది మాత్రం తోచడం లేదు. ఇందాకటి నుంచి రెండుసార్లు లేచి వెళ్ళి పోపులడబ్బా వెతికాను, బియ్యండబ్బాలో చేయి పెట్టి చూశాను.

రేపు ఆవిడ వచ్చేసరికి నీళ్ళు కాచి ఉంచాలి. తలుపు నేనే తీయాలి. అంతవరకూ, ఇంకొక్కసారి, ఆ గీజర్ కింద వెతికి వస్తాను.